విస్తరణకు ముందు కాలం ఉందా?

విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లని పోటీ పరీక్షల అభ్యర్థులందరికీ తెలుసు. ఆ లెక్క మొదలవక ముందు కాలం ఉందా అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు.

ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం (1915) ప్రకారం స్థలం, కాలం విడివిడిగా ఉండవు. విశ్వ విస్తరణను వెనక్కి లెక్కిస్తూ పోతే సాంద్రత అనంతమయ్యే స్థితి ఎదురవుతుంది. దాని పేరు సింగులారిటీ. అక్కడ సమీకరణాలు పనిచేయవు. ఆ సిద్ధాంతం చెప్పే కాలం అక్కడితో ఆగిపోతుంది. భౌతిక శాస్త్రవేత్తలు హాకింగ్, పెన్‌రోజ్ 1970లో దీన్ని గణితపరంగా నిరూపించారు. వారికి కీలకంగా ఉపయోగపడింది కోల్‌కతా శాస్త్రవేత్త అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన సమీకరణం. మన గైడ్లు ఈ పేరును వదిలేయడం అన్యాయం. తప్పక రాసి పెట్టుకోండి.

అయితే విశ్వం అతి చిన్నగా ఉన్న ఆ సూక్ష్మ స్థాయిలో క్వాంటం నియమాలనూ కలుపుకోవాలి. 1983లో హార్టిల్, హాకింగ్ ప్రతిపాదించిన నమూనాలో కాలానికి అంచే లేదు. ‘ముందు’ ఏముందని అడగడం, దక్షిణ ధ్రువానికి దక్షిణాన ఏముందని అడగడం లాంటిదని హాకింగ్ వివరించేవారు. పెన్‌రోజ్ దారి వేరు. మన విశ్వానికి ముందు మరో యుగం గడిచిందన్నది ఆయన చక్రీయ నమూనా. ఆయనకు 2020లో నోబెల్ వచ్చింది దీనికి కాదు, కృష్ణబిలాలపై చేసిన కృషికి. ఇక్కడ పొరబడకండి.

ఈ రెండు నమూనాల్లో ఏదీ ఇంకా రుజువు కాలేదు. వ్యాసరూప ప్రశ్న వస్తే ఆ మాట స్పష్టంగా రాయండి.