సమాన రథాలు - సారథి ప్రతిభ

హైదరాబాదు నగరానికి తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ కూడలి మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు సాగే రహదారి విద్యార్థుల రహదారి. దానికి ఇరువైపులా శిక్షణ సంస్థలు, కళాశాలలు, వసతిగృహాలు, పుస్తకాల అంగళ్లు కనిపిస్తాయి. ఇక్కడ చదువుకొనే వేలాదిమంది చివరకు ఎదుర్కొనేది ఒకే ప్రశ్నపత్రాన్ని. ధనికుని బిడ్డకొక పత్రం, పేదవాని బిడ్డకొక పత్రం ఉండవు. పత్రం ఒక్కటే అయినప్పుడు మిగిలేది విద్యార్థి సామర్థ్యమేనని లోకం నమ్ముతుంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజం? ఈ ప్రశ్నను పరీక్షల కంటె స్పష్టంగా మన ముందుంచే క్రీడ ఒకటున్నది. అదే ఫార్ములా కార్ల పందెం.

ఫార్ములా అంటే ఇక్కడ నియమావళి అని అర్థం. కారు బరువు, కొలతలు, శక్తి, భద్రత మొదలైన వాటిని ముందుగా నిర్ణయించే నియమాల సంపుటి అది. ఫార్ములా కారులో ఒక్కరే కూర్చుంటారు. చక్రాలపై కప్పు ఉండదు. నాలుగు చక్రాలూ దేహానికి వెలుపల, కంటికి కనబడుతూ తిరుగుతాయి. కొన్ని పోటీలలో ప్రతి జట్టు తన కారును తానే రూపొందించుకొంటుంది. అక్కడ ధనబలం, యంత్రశాస్త్రజ్ఞుల మేధాబలం కూడా పందెంలో దిగుతాయి. మరికొన్ని పోటీలలో అందరికీ ఒకే సంస్థ తయారుచేసిన కార్లను ఇస్తారు. ఒకే చట్రం, ఒకే ఇంజను, ఒకే రకం టైర్లు. వీటిని ఏకరూప పోటీలు అనవచ్చు. యంత్రాల భేదాన్ని తొలగించి మనిషిని పరీక్షించడమే వీటి ఉద్దేశం.

మనదేశంలో ఈ సంప్రదాయానికి పునాది వేసినవారిలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ ముఖ్యులు. 1980ల చివరలో ఆయన మారుతి 800 కారు ఇంజనును అమర్చి తక్కువ ఖర్చుతో ఏకాసన పందెపు కార్లను నిర్మించారు. ఫార్ములా మారుతిగా పేరొందిన ఆ కార్లతోనే నరేన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసి, 2005లో ఫార్ములా వన్‌లో ప్రవేశించిన తొలి భారతీయుడయ్యారు. తరువాతి తరంలో యూరో జె.కె. అనే ఏకరూప పోటీ వచ్చింది. 2016లో ఆ విజేతగా నిలిచినవారు హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి. 2023లో భారతీయ ఫార్ములా 4 పోటీలు మొదలయ్యాయి. పదిహేనేళ్లు నిండినవారు వీటిలో పాల్గొనవచ్చు. ఫ్రాన్సుకు చెందిన మీగేల్ సంస్థ తయారుచేసిన కార్లనే ఇందులో అందరూ నడుపుతారు. 2024 విజేత దక్షిణాఫ్రికా యువకుడు అకీల్ అలీభాయ్. ఆయన ప్రాతినిధ్యం వహించిన జట్టు హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్.

రథం కంటె సారథి గొప్పవాడన్న భావన మన సాహిత్యానికి కొత్తది కాదు. ఆంధ్రమహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం ఇందుకు చక్కని ఉదాహరణం. రాజ్యం కోల్పోయి, రూపం మారి, బాహుకుడనే పేరుతో నలుడు అయోధ్యాధిపతి ఋతుపర్ణుని కొలువులో ఉంటాడు. ఒక్కరోజులో విదర్భకు చేరవలసి వచ్చినప్పుడు అతడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకొంటాడు. రాజు సందేహిస్తాడు. కాని రథం కదిలిన తరువాత, రాజు ఉత్తరీయం జారిపడి, ఆపమని చెప్పేలోగా రథం ఆమడదూరం దాటిపోతుంది. బాహుకుని వద్ద ఉన్న విద్య అశ్వహృదయం. అంటే గుర్రం మనసెరిగి నడపడం. ఋతుపర్ణుని వద్ద మరొక విద్య ఉన్నది. దారిలోని విభీతక వృక్షాన్ని, అంటే తానికాయ చెట్టును చూసి, ఆకులెన్నో కాయలెన్నో అతడు చెప్పగలిగాడు. అది సంఖ్యాజ్ఞానంతో కూడిన అక్షహృదయం. ఇద్దరూ తమ విద్యలను పరస్పరం ఇచ్చిపుచ్చుకొన్నారు. నలుని కష్టాలు తీరే దారి అక్కడినుండే తెరుచుకొన్నది. వాహనం నడిపేవానికి ఈ రెండు హృదయాలూ అవసరమని నేటి పందెపు కార్లు కూడా చెబుతున్నాయి.

2022 నవంబరు, డిసెంబరు నెలలలో ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లు హుస్సేన్‌సాగర్ తీరానికి వచ్చాయి. ఆరు జట్లకూ ఒకే తయారీ కార్లు. అయితే అవి చక్రాలు కప్పి ఉన్న రకానికి చెందినవి. ఆ వెంటనే 2023 ఫిబ్రవరి 11న అదే తీరాన ఫార్ములా ఈ ప్రపంచ పోటీలలో ఒక పందెం జరిగింది. భారతదేశంలో జరిగిన తొలి ఫార్ములా ఈ పందెం అదే. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కినవారు బండి మారనవసరం లేకుండా ఖైరతాబాదులో దిగి చేరుకోగల చోటు అది. నిత్యం బస్సులు, ఆటోలు తిరిగే వీధులను కాంక్రీటు గోడలతో, ఇనుప కంచెలతో చుట్టి 2.83 కిలోమీటర్ల పందెపు బాటగా మార్చారు. అందులో 18 మలుపులున్నాయి.

ఫార్ములా ఈ కార్లు విద్యుత్తుతో నడుస్తాయి. ఇవి సంపూర్ణంగా ఏకరూపమైనవి కావు. చట్రం, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒక్కటే. వెనుక చక్రాలను తిప్పే మోటారును, దానిని నియంత్రించే సాఫ్ట్‌వేరును మాత్రం తయారీదారులు స్వయంగా రూపొందించుకొంటారు. ఆ కాలంలో 11 జట్ల పక్షాన 22 కార్లు పోటీపడ్డాయి. వేగం తగ్గించినప్పుడు మోటారే విద్యుజ్జనకంగా మారి, చక్రాల కదలికలోని శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో సుమారు 40 శాతం ఇలా తిరిగి వచ్చినదే. కాబట్టి సారథి ఎక్కడ వేగంగా పోవాలో తెలిసినవాడైతే చాలదు. ఎక్కడ పాదం ఎత్తాలో కూడా తెలిసినవాడై ఉండాలి. గీత దాటకముందే శక్తి అయిపోతే అంతకుముందు చూపిన వేగమంతా వ్యర్థం.

హైదరాబాదు పందెంలో అందరికంటె ముందు వరుసలో నిలిచినవారు జాగ్వార్ జట్టుకు చెందిన మిచ్ ఎవన్స్. కాని పందెం తొలి భాగంలోనే, తీవ్రమైన మలుపు వద్ద ఆయన సహచరుడు శామ్ బర్డ్ కారు వచ్చి ఆయన కారునే ఢీకొన్నది. ఇద్దరూ వైదొలగవలసి వచ్చింది. ప్రత్యర్థి చేయని నష్టాన్ని సొంత జట్టు చేసుకొన్నది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీని చివరిదాకా నిలువరించి, అర సెకను లోపు తేడాతో గెలిచారు. మూడవ స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ, అనుమతించిన పరిమితికి మించి శక్తిని వాడినట్లు తేలడంతో దండనకు గురయ్యారు. ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు దక్కింది. సమానత్వం ప్రకటనతో సిద్ధించదు. దానిని కొలిచేవారు, కాపాడేవారు ఉండాలి. ఈ సంఘటన చెప్పే నీతి ఇదే.

ఒక పందెం ఒక రోజుది. కాని ప్రతిభకు కొలత ఒక రోజు కాదు, ఒక ఋతువు. 2023 జనవరిలో మెక్సికో నగరంలో మొదలై, జూలైలో లండన్‌లో ముగిసిన ఆ పోటీలలో మొత్తం 16 పందాలు జరిగాయి. పందెంలో మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండవ స్థానానికి 18, మూడవ స్థానానికి 15 లభిస్తాయి. పదవ స్థానం పొందినవారికి కూడా ఒక పాయింటు ఉంటుంది. హైదరాబాదులో నష్టపోయిన మిచ్ ఎవన్స్ ఆ తరువాత నాలుగు పందాలు గెలిచారు. నిక్ కాసిడీ కూడా నాలుగు గెలిచారు. జేక్ డెనిస్ గెలిచినవి రెండే. అయినా 229 పాయింట్లతో ప్రపంచ విజేతగా నిలిచినవారు జేక్ డెనిస్. కాసిడీకి 199, ఎవన్స్‌కు 197 వచ్చాయి.

ఈ లెక్క మొదట ఆశ్చర్యం కలిగిస్తుంది. నాలుగుసార్లు గెలిచినవారు ఓడి, రెండుసార్లు గెలిచినవారు నెగ్గడం న్యాయమా అనిపిస్తుంది. కాని గెలవలేని రోజున ఏం చేశారన్నది కూడా ప్రతిభలో భాగమే. గెలవలేనప్పుడు రెండవ స్థానాన్ని నిలబెట్టుకోవడం, అదీ సాధ్యం కానప్పుడు కారును చెడగొట్టుకోకుండా గీత దాటించడం, చేజారిన పందెపు కోపాన్ని తరువాతి పందెంలోకి తీసుకుపోకపోవడం, ఇవన్నీ పట్టికలో నిశ్శబ్దంగా కూడుతూ పోతాయి. ఇదే నేటి అక్షహృదయం. పందెం సాగుతుండగా జట్టు ఇంజనీర్లు అంకెలను చదువుతారు. శక్తిని ఎట్లా వాడాలి, వెనుకవానితో దూరం ఎంత అని లెక్కగట్టి సారథికి తెలియజేస్తారు. ఋతుపర్ణుడు, బాహుకుడు ఒకే రథంలో కూర్చున్నట్లే ఇది.

అయితే సమాన యంత్రం ఇచ్చినంత మాత్రాన సమాన అవకాశం ఇచ్చినట్లేనా? ఈ క్రీడ దాచలేని సత్యం ఒకటున్నది. ఫార్ములా 4 కారులో కూర్చొన్న తరువాత అందరూ సమానులే. కాని ఆ ఆసనం వరకు వచ్చే దారి అందరికీ సమానం కాదు. బాల్యంలో చిన్న గో-కార్టులపై మొదలుపెట్టాలి. టైర్లు, ఇంధనం, శిక్షణ, ప్రయాణాలు, ప్రవేశ రుసుములు అన్నీ భారమైనవే. ఒక్క ప్రమాదం జరిగితే మరమ్మతు ఖర్చు వేరు. సామాన్య కుటుంబం మోయగల బరువు కాదిది. దిల్‌సుఖ్‌నగర్‌లో వసతిగృహపు గదిలో ఉండి చదివే గ్రామీణ విద్యార్థికి ఈ సంగతి వివరించనవసరం లేదు. ప్రశ్నపత్రం ఒక్కటే అయినా, దాని ముందుకు వచ్చి కూర్చోవడానికి ఒక్కొక్కరు నడిచిన దూరం వేరు. ఏకరూప పోటీ అసమానతలో ఒక భాగాన్ని మాత్రమే తొలగిస్తుంది. కారును చవకగా నిర్మించడమే ధ్యేయంగా పెట్టుకొన్న కరివర్ధన్ కృషి విలువ ఇక్కడ తెలుస్తుంది. ద్వారాన్ని వెడల్పు చేసినవాడు విజేతతో సమానంగా స్మరణీయుడు.

మరొక విషయాన్ని యువత విస్మరించరాదు. పందెపు బాట వేరు, ప్రజల బాట వేరు. పందెపు కారు సారథి తలచుట్టూ రక్షణ వలయం, ఒంటిపై నిప్పునంటని దుస్తులు, బాట పక్కన జెండాలతో హెచ్చరించే అధికారులు, సిద్ధంగా వైద్యులు ఉంటారు. ఎదురుగా వచ్చే వాహనం ఉండదు. ఎల్.బి.నగర్ కూడలిలో విజయవాడ బస్సులు, పాఠశాలకు పోయే పిల్లలు, రోడ్డు దాటే వృద్ధులు ఉంటారు. అర్ధరాత్రి ఖాళీగా కనిపించినంత మాత్రాన ఆ దారి పందెపు బాట కాజాలదు. అక్కడ వేగం చూపడం సాహసం కాదు, పరుల ప్రాణాలతో ఆడుకోవడం. నియమం లేనిచోట ఫార్ములాయే లేదు.

2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో మరల జరగవలసిన ఫార్ములా ఈ పందెం ఆ ఏడాది జనవరిలో రద్దయింది. ప్రజాధనాన్ని ఇటువంటి వేడుకలకు వెచ్చించడం ఉచితమా అనే చర్చ సాగింది. ఆ చర్చ ప్రజాస్వామ్యంలో సహజమే. విద్యార్థి గ్రహించవలసినది అంతకంటె నిలకడైనది. సమానమైన సాధనం చేతికి వచ్చినప్పుడు సాకులు తొలగిపోతాయి. అది చేతికి రానివారు ఎందరున్నారో గుర్తించడం సమాజం బాధ్యత. వచ్చినదానిని హృదయమెరిగి నడపడం సారథి బాధ్యత.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ఏకరూప పోటీల ఉద్దేశాన్ని, మనదేశంలో వాటి వికాసాన్ని వివరించండి.
2. నలోపాఖ్యానంలోని అశ్వహృదయ, అక్షహృదయాలను నేటి కార్ల పందాలకు పాఠం ఎట్లా అన్వయించింది?

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. 2023లో రెండు పందాలే గెలిచిన జేక్ డెనిస్ ప్రపంచ విజేత ఎట్లా అయ్యారు?
2. సమాన యంత్రం సమాన అవకాశం కాదని పాఠం ఎందుకు చెబుతున్నది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. ద్వారాన్ని వెడల్పు చేసినవాడు విజేతతో సమానంగా స్మరణీయుడు.
2. నియమం లేనిచోట ఫార్ములాయే లేదు.