మూడు నిమిషాల్లో మనమేంటో తెలుస్తుంది

చెస్ బాగా ఆడేవాళ్లు బ్లిట్జ్‌లో ఓడిపోయేది చాలాసార్లు తెలియక కాదు, ఎక్కువ తెలిసి. కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడికి ఒకే ఎత్తు కనపడుతుంది. అదే ఆడేస్తాడు. రెండు వేల రేటింగ్ ఉన్నాయనకు నాలుగు కనపడతాయి. వాటిలో ఏది మేలో తేల్చుకునేలోపు నలభై సెకన్లు కరిగిపోతాయి. చివరికి ఆడింది మంచి ఎత్తే, గేమ్ మాత్రం చేజారిపోతుంది.

విశాఖపట్నంలో చెస్‌కు మంచి ఆదరణ ఉంది. 2023లో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకున్న చిన్నారి క్రీడాకారిణి కొలగట్ల అలన మీనాక్షిది ఈ ఊరే. అయితే ఈ వ్యాసం పిల్లల కోసం కాదు. ఒకప్పుడు టోర్నమెంట్లలో బాగా ఆడి, ఇప్పుడు ఉద్యోగం, ఇల్లు, ఈఎంఐల మధ్య ఫోన్‌లోనే చెస్ ఆడుతున్న పెద్దల కోసం. స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్ట్ దిగి వచ్చి, నిద్రపోయే ముందు ‘ఒక్క గేమ్’ అని మొదలుపెట్టి, పిల్లలు స్కూలుకు తయారయ్యేదాకా వదలలేని వాళ్ల కోసం. వాళ్లకు ఆట వచ్చు. ఏళ్లు గడుస్తున్నా ఆన్‌లైన్ రేటింగ్ మాత్రం అక్కడే తిరుగుతూ ఉంటుంది.

మనకు రెండు సామెతలున్నాయి. నిదానమే ప్రధానం అంటుంది ఒకటి. ఆలస్యం అమృతం విషం అంటుంది ఇంకొకటి. రెండూ నిజమే. ఏది ఎప్పుడు పాటించాలో తెలియకపోవడంతోనే చిక్కంతా. గడియారం నడుస్తున్నప్పుడు నిదానంగా ఉంటాం, నిదానంగా కూర్చుని నేర్చుకోవాల్సినప్పుడు ఇంకో గేమ్ మొదలుపెడతాం. ఈ తారుమారును సరిచేసుకోవడమే బ్లిట్జ్ సాధనలో అసలు పని.

సెకన్ల లెక్క

ముందు లెక్క చూద్దాం. మూడు నిమిషాల గేమ్ అంటే 180 సెకన్లు. నలభై ఎత్తుల ఆట అనుకుంటే ఎత్తుకు నాలుగున్నర సెకన్లు. ప్రపంచ బ్లిట్జ్ పోటీల్లో లాగా ఎత్తుకు రెండు సెకన్ల ఇంక్రిమెంట్ ఉంటే మొత్తం 260 సెకన్లు, ఎత్తుకు ఆరున్నర. ఇంక్రిమెంట్ లేని ఆటలో పన్నెండో ఎత్తు దగ్గర నలభై సెకన్లు కూర్చున్నారంటే, ముందు ఆడబోయే ఎనిమిదీ తొమ్మిదీ ఎత్తుల సమయాన్ని అక్కడే ఖర్చుపెట్టేశారన్నమాట. ఆ అప్పు ఎండ్‌గేమ్‌లో వడ్డీతో సహా కట్టాలి.

అలాగని అన్ని ఎత్తులూ సమానంగా ఆడమని కాదు. గేమ్ మొత్తంలో రెండు మూడు చోట్ల ఆగి ఆలోచించే హక్కు మీకుంది. ఆ చోట్లు ఏవో ముందే తెలిసి ఉండాలి. వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఎక్కడుందో అక్కడ ఆగండి. మంత్రుల మార్పిడి, బంటును ముందుకు తోసి మధ్య గడులు తెరవడం, పావును బలి ఇవ్వడం, ఏనుగుల ఎండ్‌గేమ్‌లోకి దిగడం ఇలాంటివి. బంటు ఒకసారి ముందుకు కదిలితే వెనక్కి రాదు. గుర్రాన్ని ఎటు తిప్పాలి, ఏనుగును ఏ వరుసలో పెట్టాలి అన్నవి చాలాసార్లు మళ్లీ సర్దుకోగలిగేవే. అలాంటి చోట రెండు ఎత్తులు సమానంగా తోస్తే మొదట తోచింది ఆడేయండి. కంప్యూటర్ లెక్కలో ఆ రెంటి మధ్య తేడా చాలాసార్లు అర బంటు విలువ కూడా ఉండదు. గడియారంలో ఇరవై సెకన్ల తేడా మాత్రం గేమ్ ఫలితాన్నే మార్చేస్తుంది.

పెద్ద నిర్ణయాలను ముందే తేల్చుకునే పని మన ఊళ్లో రోజూ చేసేవాళ్లున్నారు. 1933లో మొదలైన విశాఖ పోర్టులో ఇన్నర్ హార్బర్‌కు చేరాలంటే ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువ గుండా రావాలి. దాన్ని లోపలికి తెచ్చేందుకు పోర్టు పైలట్ బయట సముద్రంలోనే ఓడ ఎక్కుతాడు. అంత బరువున్న ఓడ ఆగమంటే ఆగదు. అందుకే గాలి ఎటుంది, టగ్గులు ఎక్కడ నిలవాలి, వేగం ఎప్పుడు తగ్గించాలి అన్నవన్నీ కాలువలోకి రాకముందే తేల్చుకోవాలి. లోపలికి వచ్చాక మిగిలేవి చిన్న చిన్న దిద్దుబాట్లే. మంచి బ్లిట్జ్ ఆటగాడు కూడా పెద్ద నిర్ణయాల్లో చాలావాటిని గేమ్ మొదలుకాక ముందే తీసేసుకుంటాడు.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రూస్ బర్న్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2004లో ప్రచురించిన పరిశోధనలో బ్లిట్జ్ ఫలితాలను మామూలు రేటింగులతో పోల్చి చూశాడు. ఆటగాళ్ల నైపుణ్యంలో కనిపించే తేడాలో 81 శాతం దాకా వాళ్ల బ్లిట్జ్ ఆటతోనే వివరించవచ్చని తేలింది. దీర్ఘంగా లెక్క వేయడానికి సమయమే లేని ఆటలో కూడా బలవంతుడు బలవంతుడిగానే నిలుస్తున్నాడంటే, అతని బలంలో పెద్ద భాగం చూడగానే గుర్తుపట్టడంలో ఉందని అర్థం. 2005లో నీల్ చార్నెస్, మరికొందరు కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో, ఆటగాడి స్థాయిని అన్నిటికన్నా బాగా సూచించేది ఒంటరిగా కూర్చుని శ్రద్ధగా చేసిన సాధన అని తేలింది. ఈ రెండూ కలిపి చదివితే మన దారి తెలుస్తుంది. బ్లిట్జ్‌లో వాడుకునే సరుకును బ్లిట్జ్ ఆడుతూ సంపాదించలేం. అది ఎవరూ లేనప్పుడు, గడియారం లేనప్పుడు సమకూర్చుకోవాల్సింది.

కోనేరు హంపి ప్రయాణం దీనికి మంచి ఉదాహరణ. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యి, అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన మహిళగా జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును ఆమె దాటారు. ఆమె పేరు నిలబడింది గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలోనే. అమ్మ అయ్యాక ఆటకు కొంతకాలం దూరంగా ఉండి తిరిగొచ్చిన ఆమె, 2019 డిసెంబర్‌లో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. అక్కడ లే టింగ్జీతో టైబ్రేక్ మొదటి గేమ్‌లో సమయం అయిపోయి ఓడారు. రెండోది గెలిచి, చివరి ఆర్మగెడ్డాన్‌తో టైటిల్ దక్కించుకున్నారు. 2020 జూలైలో ఆన్‌లైన్ స్పీడ్ చెస్ పోటీలో అప్పటి మహిళల ప్రపంచ నంబర్‌వన్ హో యిఫాన్‌ను 6-5తో ఓడించి ఫైనల్ చేరారు. ఆ పోటీ ఐదు నిమిషాల ఆటతో మొదలై ఒక్క నిమిషం బుల్లెట్ దాకా వెళ్తుంది. నెమ్మది ఆటలో కూడబెట్టుకున్నది వేగపు ఆటలో కూడా అక్కరకొస్తుందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

సాధన ఇలా

మొదటిది, ఓపెనింగుల సంఖ్య తగ్గించండి. తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో రెండు. వాటిలో పేర్ల కన్నా బంట్ల అమరికలు తెలియాలి. ఈ అమరికలో ఏ పావు ఎక్కడికి వెళ్లాలి, ఏ బంటు ఎప్పుడు తోయాలి, ఏ మార్పిడి ఎవరికి లాభం? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాసుకున్నవాడు పదిహేనో ఎత్తు దాకా గడియారం వైపు చూడక్కర్లేదు.

రెండోది, ఎండ్‌గేమ్‌ను చేతికి అలవాటు చేయండి. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో లూసెనా, ఫిలిడార్ స్థానాలు మీకు తెలుసు. అయితే పది సెకన్లలో ఆడగలరా? తెలిసినదాన్ని కూడా పది సెకన్ల గడియారం పెట్టుకుని కంప్యూటర్ మీద ఆడిచూడండి. తెలియడానికీ వాడుకోవడానికీ మధ్య దూరం అక్కడే బయటపడుతుంది.

మూడోది, ఆడిన గేములను తిరగేయండి. చెస్.కామ్, లీచెస్ రెండిట్లోనూ ఏ ఎత్తుకు ఎంత సమయం తీసుకున్నారో రికార్డవుతుంది. మనం సాధారణంగా ఎక్కడ తప్పు ఆడామో వెతుకుతాం. దానికి ముందు ఇరవై సెకన్లు దాటి ఎక్కడ ఆగారో చూడండి. అక్కడ ఎందుకు ఆగామని నిజాయితీగా రాసుకోండి. తెలియక ఆగితే చదువుకోవాలి. తెలిసి కూడా తటపటాయిస్తే ధైర్యం పెంచుకోవాలి. ఏమీ ఆలోచించకుండానే ఆగిపోతే అలసట అని అర్థం, ఆ రోజుకు పడుకోవాలి. ఈ పని కంప్యూటర్ సాయం లేకుండా చేయండి. కంప్యూటర్ ఎత్తు చెబుతుంది, మన స్వభావం చెప్పదు.

నాలుగోది, ఆడే వేదికను తెలుసుకోండి. ప్రత్యర్థి ఆడకముందే మన ఎత్తు పెట్టేసే ప్రీమూవ్‌కు లీచెస్‌లో సమయం పోదు. చెస్.కామ్‌లో సెకనులో పదో వంతు పోతుంది, వరుసగా చాలా ప్రీమూవులు పెట్టుకునే వీలూ ఉంది. చివరి ఐదు సెకన్లలో ఈ తేడా ఫలితాన్నే మార్చగలదు. అయినా సాధనకు ఇంక్రిమెంట్ ఉన్న గేములే ఎంచుకోండి. అది లేని ఆటలో మౌస్ వేగం పెరుగుతుంది, ఇంక్రిమెంట్ ఉంటే ఆట పెరుగుతుంది.

ఓడిన తరువాత

ఇవన్నీ చేసినా, ఒక్క బలహీనత మొత్తాన్నీ తుడిచిపెట్టగలదు. ఓడగానే ‘మళ్లీ’ అనే బటన్ నొక్కడం. గెలవాల్సిన గేమ్ సమయం అయిపోయి పోయినప్పుడు పుట్టే కోపంలో మొదలుపెట్టిన రెండో గేమ్‌లో మనం ప్రత్యర్థితో ఆడం, పోయిన గేమ్‌తో ఆడతాం. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపేయాలని నియమం పెట్టుకోండి. మూడోది ఎంత గెలిచేలా అనిపించినా సరే. నైట్ షిఫ్ట్ తరువాత అసలు రేటింగ్ గేమ్ వద్దు. నిద్ర చాలని బుర్రలో ఆపేయాలనే నిర్ణయం తీసుకునే శక్తి కూడా దెబ్బతింటుంది.

ఓటమి తరువాత ఆగి, కూడదీసుకుని రావడం ఎలా ఉంటుందో కూడా హంపి చూపించారు. 2022 డిసెంబర్‌లో అల్మాటీలో ప్రపంచ బ్లిట్జ్ తొలి రోజు ఆమె బాగా వెనకబడ్డారు. మర్నాడు పుంజుకుని 17 రౌండ్లలో 12.5 పాయింట్లతో రజతం గెలిచారు. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ మొదటి రౌండే ఓడారు. పదకొండు రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయ్యారు. అప్పటికి ఆమె వయసు 37. వేగం కుర్రాళ్లదే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన చేతిలో లేనివీ ఉంటాయి. 2020 ఆగస్టు 30న తొలి ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌ల కనెక్షన్ తెగిపోయింది. ఆ రోజు ఇంటర్నెట్ సేవలు ప్రపంచవ్యాప్తంగా దెబ్బతిన్నాయి. చివరికి రెండు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్న జట్టది. మనకు నెట్ పోతే అప్పీలు చేసుకునే ఒలింపియాడ్ లేదు, రేటింగ్ పాయింట్లు పోతాయంతే. పోనివ్వండి. ఆ పది పాయింట్ల కోసం రాత్రి నిద్ర పాడుచేసుకోవడం, ఛాట్‌లో ఎదుటివాణ్ని నోటికొచ్చినట్టు అనడం, పక్క ఫోన్‌లో కంప్యూటర్ సాయం తీసుకోవడం, ఇవి మాత్రం రేటింగ్ కన్నా విలువైనదాన్ని పోగొడతాయి.

మూడు నిమిషాల ఆటలో బయటపడే గుణాలే ఆఫీసులో, ఇంట్లో, రోడ్డు మీదా పనిచేస్తాయి. చిన్న నిర్ణయాల దగ్గర కాలయాపన చేసి పెద్ద నిర్ణయాలను హడావిడిలో తీసుకునేవాడు చెస్‌లోనే కాదు, స్థలం కొనేటప్పుడూ అదే పని చేస్తాడు. ఓడగానే వెంటనే బదులు తీర్చుకోవాలనుకునేవాడు మీటింగులోనూ అలాగే మాట్లాడతాడు. బ్లిట్జ్ ఈ లోపాలను పుట్టించదు, దాచుకునే సమయం ఇవ్వదంతే. అందుకే దిద్దుకోవడానికి ఇది మంచి చోటు.

ఈ వారం ఒక పని చేయండి. రోజూ గంటసేపు ఆడే అలవాటుంటే అందులో ఇరవై నిమిషాలే ఆడండి. మిగతా నలభై నిమిషాలు ఆ గేములు తిరగేయడానికి, ఎండ్‌గేమ్ సాధనకు పెట్టండి. వరుసగా రెండు ఓడితే ఆపేయండి. రేటింగ్ వైపు నెల రోజుల పాటు చూడకండి. నెల తరువాత అంకె పెరిగితే సంతోషమే. పెరగకపోయినా, ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగారంటే మీ ఆట మెరుగుపడటం మొదలైనట్టే.