తాళం బొమ్మ పెట్టొచ్చా?

ప్రశ్న: పాస్‌వర్డ్‌లు దాచే యాప్ చేశాం. లోగోగా తాళం గానీ డాలు గానీ పెడదామనుకుంటున్నాం. సరేనా?

జవాబు: రెండూ వద్దంటాను. ప్లే స్టోర్‌లో వెతకండి, ఎటు చూసినా డాళ్లే. మీది మీకే దొరకదు. పైగా తాళం కనబడితే చాలు, సైటే నమ్మకమైనదని జనం పొరబడుతున్నారని గూగుల్ 2023లో క్రోమ్ అడ్రస్ బార్‌లో ఆ గుర్తే మార్చేసింది.

నాకు నచ్చేది ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల గుర్తు, ‘పఫీ’ అనే పఫర్ చేప బొమ్మ. పఫర్ చేప వేగంగా పారిపోలేదు. ఎవరైనా మీదికొస్తే గటగటా నీళ్లు మింగి బంతిలా ఉబ్బుతుంది, ముళ్లు నిక్కబొడుచుకుంటాయి. క్రిప్టోగ్రాఫర్ బ్రూస్ ష్నయర్ 1993లో రూపొందించిన బ్లోఫిష్ సైఫర్ (సమాచారాన్ని రహస్యంగా మార్చే పద్ధతి) పేరూ ఆ చేపదే. ఓపెన్‌బీఎస్‌డీలో పాస్‌వర్డ్‌లను కాపాడే బీక్రిప్ట్‌ను ఆ సైఫర్ మీదే కట్టారు. బొమ్మకీ లోపలి పనికీ అలా చుట్టరికం కుదిరింది (మీకు చేపే కావాలని కాదు).

ఏది గీసినా నోటిఫికేషన్ పట్టీలో ఒకే రంగులో, జొన్నగింజంత చేసి చూడండి. ముళ్లు మసకబారినా ఆకారం నిలవాలి.