జపాన్ కంపెనీలో ‘అయిపోతుంది సార్’ చెల్లదు

జపాన్ ఉద్యోగం అనగానే మనవాళ్లు ముందు అడిగేది భాష గురించే. అడగాల్సిందే మరి. వృద్ధుల సంరక్షణ, హోటళ్లు, వ్యవసాయం లాంటి పనుల కోసం 2019లో తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీసం ఎన్4 స్థాయి జపనీస్ రావాలి, ఆ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్షా పాసవ్వాలి. ఆఫీసు ఉద్యోగాలకు చాలా కంపెనీలు అంతకన్నా పై స్థాయి అయిన ఎన్2 అడుగుతాయి. రకుటెన్‌లా 2012 నుంచే ఇంగ్లిష్‌ను ఆఫీసు భాషగా పెట్టుకున్నవీ ఉన్నాయి గానీ, వాటినే నమ్ముకుంటే అవకాశాలు బాగా తగ్గిపోతాయి.

భాషా సర్టిఫికెట్‌తో విమానం ఎక్కవచ్చు. టీమ్‌లో నిలదొక్కుకోవాలంటే మాత్రం ‘హోరెన్సో’ ఒంటబట్టాలి. చేసింది చెప్పడం, తెలిసింది అందించడం, తేలనిది అడగడం: కొత్తగా చేరినవారికి అక్కడ మొదట నేర్పేది ఇదే. సాయంత్రం ఐదింటికి ఇవ్వాల్సిన రిపోర్టు ఆలస్యమయ్యేలా ఉందని మధ్యాహ్నం రెండింటికి అనుమానం వచ్చిందనుకోండి. రెండింటికే చెప్పేయాలి. ఎంతవరకు అయింది, ఎక్కడ ఆగింది, ఎప్పటికి ఇవ్వగలరు... మూడు వాక్యాలు చాలు. మనమేమో ‘అయిపోతుంది సార్’ అనేసి, రాత్రంతా కూర్చుని పూర్తిచేసి, అదే కష్టపడటం అనుకుంటాం. అక్కడి మేనేజర్‌కు అది భయపెట్టే అలవాటు. మీ మాట మీద ఆధారపడి అతను ఇంకెవరికో గడువు ఇచ్చి ఉంటాడు. అందుకే ఇంటర్వ్యూలో కాలేజీ ప్రాజెక్టు గురించి అడిగితే, ఇబ్బంది వచ్చినప్పుడు గైడ్‌కు ఎప్పుడు, ఏమని చెప్పారో కూడా చెప్పండి.

మీటింగుల తీరూ వేరే. నిర్ణయం చాలావరకు ముందే అయిపోతుంది. సంబంధించినవాళ్లను విడివిడిగా కలిసి ఒప్పించాకే అందరూ కూర్చుంటారు. కొత్త ఆలోచనను నేరుగా అందరి ముందూ పెడితే నిశ్శబ్దమే జవాబు. ‘పరిశీలిస్తాం’ అన్నారంటే చాలాసార్లు కుదరదనే. ఇక విజిటింగ్ కార్డు: రెండు చేతులతో, అక్షరాలు ఎదుటివారికి తిన్నగా కనిపించేలా ఇవ్వాలి. వాళ్లిచ్చిన కార్డును చదివి, మీటింగ్ అయ్యేదాకా బల్ల మీదే ఉంచాలి. వెనక జేబులో పెట్టారో, అయిపోయారే!

ఆఫీసయ్యాక పార్టీలుంటాయి. మద్యం తాగకపోయినా ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. శాకాహారులు మాత్రం ముందే చెప్పుకోవాలి. మామూలు మిసో సూప్‌లోనూ చేప రసం ఉంటుంది.

బీటెక్ వాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ కొత్త గ్రాడ్యుయేట్లు చేరేది సాధారణంగా ఏప్రిల్ 1న. మన చదువు ముగిసేది మే, జూన్‌లలో కాబట్టి, అక్టోబరులో కూడా చేర్చుకుంటారేమో ముందే కనుక్కోండి. మన శ్రీసిటీలోనూ ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉన్నాయి. వాటిలో ఇంటర్న్‌షిప్ దొరికితే ఈ పద్ధతులు కొంత ఇక్కడే అలవాటవుతాయి.

ఓవర్‌టైమ్‌కు 2019 నుంచి చట్టం పరిమితి పెట్టింది: మామూలుగా నెలకు 45 గంటలు, ఏడాదికి 360. అయినా ఆఫర్ లెటర్ జాగ్రత్తగా చదవండి. కొన్ని కంపెనీలు ఇన్ని గంటల ఓవర్‌టైమ్ డబ్బును నెల జీతంలోనే కలిపి చూపిస్తాయి. అది తీసేస్తే అసలు జీతం ఎంత, ఆ గంటలు దాటితే విడిగా ఎంత ఇస్తారు అన్నది సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగండి.