కొత్త మనిషి, వింత ప్రవర్తన: విన్నమాటను ఎంతవరకు నమ్మాలి?

2024 జూన్‌లో కోల్‌కతా శివార్లలోని బారాసత్‌లో పదకొండేళ్ల బాలుడు హత్యకు గురయ్యాడు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందన్న మాట ఆ ప్రాంతమంతా పాకింది. కొద్ది రోజుల్లోనే జనం కొత్తవారిని పట్టుకుని కొట్టారు. హత్య కేసులో పోలీసులు అరెస్టు చేసింది మాత్రం బాలుడి సమీప బంధువును. తనపై అనుమానం రాకుండా ఆ వదంతిని వ్యాపింపజేసింది కూడా అతడేనని వారు చెప్పారు.

బెంగాలీలో పిల్లల దొంగను ‘ఛేలేధరా’ అంటారు. ఈ భయం పాతదే. 1982 ఏప్రిల్ 30న బాలిగంజ్‌లోని బిజన్ సేతు వద్ద 17 మంది ఆనందమార్గీయులు పట్టపగలు హతమయ్యే ముందు కూడా ఇలాంటి వదంతి ప్రచారంలో ఉంది. ఆ దాడి వెనుక రాజకీయం ఉందన్న ఆరోపణలు వేరే సంగతి.

2018 జూలైలో హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన కొందరు మిత్రులు దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల దొంగలన్న అనుమానంతో మూక దాడి చేయగా వారిలో ఒకరు చనిపోయారు. చాక్లెట్ ఇవ్వడం దేనికి రుజువు? లెక్క వేసి చూద్దాం.

ఒక ఊరికి నెలలో 10,000 మంది బయటివారు వస్తారనుకుందాం. వారిలో ఒకడు నిజంగానే దొంగ అనుకుందాం (ఇది చాలా ఎక్కువ అంచనా). అతడు తప్పకుండా పిల్లలను పలకరిస్తాడు. మిగతా 9,999 మందిలో నూటికి ఒక్కరే పిల్లలతో మాట్లాడినా దాదాపు 100 మంది అవుతారు: చుట్టాలు, బొమ్మలు అమ్మేవారు, చిరునామా అడిగేవారు. అంటే పిల్లలను పలకరించిన 101 మందిలో దొంగ ఒక్కడు. అనుమానించిన ప్రతివాడినీ కొడితే 100 మంది అమాయకులు దెబ్బలు తింటారు.

కాబట్టి ‘దొంగ ఇలా చేస్తాడా?’ అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ‘దొంగ కానివారు ఇలా ఎంత అరుదుగా చేస్తారు?’ అన్నదే అసలు ప్రశ్న. ఏడుస్తున్న పిల్లను చేయి పట్టి లాక్కుపోవడం పలకరింపు కంటే బలమైన ఆధారమే. అయినా అంగడిలో మారాం చేసే పిల్లను ఈడ్చుకెళ్లే తండ్రులు మనకు కొత్త కాదు!

‘పదిమంది చెబుతున్నారు కదా’ అంటారు. ఆ పదిమందీ చూశారా, లేక ఒకరు పంపిన సందేశాన్నే అందరూ చదివారా? కోల్‌కతాలో 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఇలాంటి చిక్కునే మరో రంగంలో ఎదుర్కొన్నారు. బెంగాల్ జనపనార సర్వేల్లో ఒకే ప్రాంతం నుంచి వేర్వేరు నమూనాలను వేర్వేరు బృందాలతో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా సేకరింపజేశారు. ఫలితాలు కలిస్తే నమ్మకం పెరుగుతుంది, కలవకపోతే తేడా ఎక్కడుందో వెదకాలి. ఒక బృందం మరొక బృందం లెక్కను చూసి రాసుకుంటే ఆ పద్ధతికి విలువే లేదు. ఫార్వర్డ్ చేసిన సందేశం సరిగ్గా అలాంటి కాపీయే.

వీడియో ఉన్నా జాగ్రత్త అవసరమే. 2018లో మన దేశంలో తిరిగిన అపహరణ దృశ్యం నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రంలోనిది. పిల్లవాడిని వెనక్కి తెచ్చి హెచ్చరిక చూపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు.

నిజంగానే ప్రమాదం ఉంటేనో? పిల్లలను ఇంట్లోకి పిలవడానికి రుజువు అక్కర్లేదు, పొరపాటైనా నష్టం లేదు. మనిషిపై చేయి వేయడం అలా కాదు. 112కు గానీ, పిల్లల సహాయ నంబరు 1098కు గానీ ఫోన్ చేసేటప్పుడు చూసినదాన్ని, ఊహించినదాన్ని వేరు చేసి చెప్పాలి. ‘పిల్లల దొంగ తిరుగుతున్నాడు’ అనేది ఊహ. ‘సాయంత్రం 5 గంటలకు బడి గేటు దగ్గర నీలం చొక్కా మనిషి ఇద్దరు పిల్లలను పేర్లు అడిగాడు, నేనే చూశాను’ అనేది సమాచారం. దాన్ని పోలీసులు వెళ్లి సరిచూసుకోగలరు.