ప్రోగ్రాములకు పంచనామా
(బి.ఎస్సీ., తృతీయ సంవత్సరం)

2024 జూలై 19న శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన సంగతి చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రయిక్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల ఆనాడు ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. ఇలా పడిపోయేటప్పుడు కంప్యూటరు తన మెమరీలో ఉన్నదాన్ని ఒక ఫైలులోకి దింపుతుంది. అదే క్రాష్ డంపు. పోలీసువారి పంచనామా లాంటిదన్నమాట. ఆ డంపులు విప్పి చూస్తే, ఒక డ్రైవరు ప్రోగ్రాము 20 విలువలున్న చోట 21వ దానికోసం చెయ్యి చాపిందని తేలింది.

అది ఒక విధంగా తేలిక కేసే. ఎన్ని యంత్రాలు పడినా అన్నీ ఒకే చోట పడ్డాయి. అసలు చిక్కంతా బహుళ థ్రెడ్ల ప్రోగ్రాములతోనే. థ్రెడ్ అంటే ప్రోగ్రాములో తన పని తాను చేసుకుపోయే పనివాడు అనుకోండి. అటువంటివాళ్ళు పదులకొద్దీ ఉంటారు, మెమరీ మాత్రం అందరికీ ఉమ్మడి. ఉమ్మడి సొత్తు ఉన్నచోట తగువు రాకుండా ఉంటుందా!

కల్లంలో బస్తాల లెక్కపుస్తకం ఒక్కటే ఉంది. ఇద్దరు ఒకేసారి తొంగిచూసి 40 అని చదివి, చెరొక బస్తా కలిపి 41 అని రాశారు. 42 ఉండాల్సిన చోట ఒక బస్తా మాయం! దీన్నే రేస్ కండిషన్ అంటారు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఆ రోజు ఒహాయోలోని ఒక విద్యుత్ కంపెనీ కంట్రోలు గదిలో అలారాలు మూగబోవడానికి ఇలాంటి రేసే కారణం. దాన్ని వెతికి పట్టడానికి వారాలు పట్టింది.

రెండోది డెడ్‌లాక్. ఒక రైతు డీజిలు ఇంజను తెచ్చుకుని పైపుల కోసం కూర్చున్నాడు, పక్కాయన పైపులు పట్టుకుని ఇంజను కోసం కూర్చున్నాడు. ఇద్దరూ వదలరు, చేను ఎండుతుంది. ఇక్కడ ప్రోగ్రాము పడిపోదు, బిగుసుకుపోతుంది. అప్పుడు టాస్క్ మేనేజరులోంచి డంపు మనమే తీసుకోవాలి.

డంపు చదవడానికి మైక్రోసాఫ్టువారి విన్‌డీబీజీ ఉచితంగానే దొరుకుతుంది. (1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ మొదలైన ఏడాదే వారి అభివృద్ధి కేంద్రం కూడా మన నగరానికి వచ్చింది.) ప్రోగ్రాము తాలూకు సింబల్ ఫైళ్ళు దగ్గరుండాలి, లేకపోతే ఫంక్షన్ల పేర్లకు బదులు ఉత్త అంకెలే కనబడతాయి. 'ఎనలైజ్' అని కొడితే పడిపోయిన థ్రెడ్‌ను చూపిస్తుంది. సి0000005 అని వస్తే తాకకూడని మెమరీని తాకిందని అర్థం. చాలామంది ఇక్కడే ఆగి ఆ థ్రెడ్‌నే దోషి అంటారు. నాకు ఇది బొత్తిగా సరికాదనిపిస్తుంది. డీబగ్ బిల్డులో ఆ పాయింటరులో 'డి' అక్షరమే ఎనిమిదిసార్లు కనబడితే, ఆ పాయింటరు ఉన్న మెమరీని అప్పటికే ఎవరో విడుదల చేసేశారన్నమాట. ఆ విడుదల చేసింది మరో థ్రెడ్ కావచ్చు. అప్పుడు పడినది బాధితుడే, చేసినవాడు వేరే.

అంచేత టిల్డా, స్టార్, 'కె' కొట్టి అన్ని థ్రెడ్ల స్టాకులూ చూడాలి. పైవరుసలో ఇప్పుడు జరిగే పని, కింద దాన్ని పురమాయించినవి ఉంటాయి కనుక కిందనుంచి చదవడం మేలు. ఊరికే పనికోసం ఎదురుచూసేవాటిని పక్కన పెట్టండి. లాక్ దగ్గర ఆగిన థ్రెడ్ దొరికితే, ఆ లాక్ రికార్డులో యజమాని థ్రెడ్ నంబరు ఉంటుంది. ఆ యజమాని దేనికోసం ఆగాడో చూడండి. అలా పోగా పోగా మొదటివాడి దగ్గరికే తిరిగొస్తే వలయం దొరికినట్టే. దీనికి మామూలు మందు: అందరూ ముందు ఇంజను, తర్వాత పైపులు అనే ఒకే వరుసలో తీసుకోవాలి.

రేసు మాత్రం అంత సులువుగా లొంగదు. డంపు ఒక్క క్షణపు ఫొటో, దోషి అప్పటికే వెళ్ళిపోయి ఉండవచ్చు. పది డంపులు పక్కపక్కన పెట్టి పోల్చాలి. మన ల్యాబుల్లో నేర్పే ప్రింట్‌ఎఫ్ వైద్యం ఇక్కడ తరచు పారదు: ఆ వరుస చేర్చగానే వేళలు మారి తప్పు దాక్కుంటుంది. పైగా హైటెక్ సిటీలో ఉద్యోగానికి పోయినవారి ప్రోగ్రాము ఎక్కడో దూరదేశపు ఆసుపత్రిలో పడిపోతుంది. అక్కడికి మనం పోలేం, డంపు మాత్రమే మన బల్ల మీదికి వస్తుంది. అందులో పాస్‌వర్డులు, రోగుల పేర్లు కూడా ఉండవచ్చు గనుక దాన్ని ఎవరికి పడితే వారికి ఇవ్వరాదు.

సిలబసులో లేకపోయినా సాధన కష్టం కాదు. రెండు థ్రెడ్లు, రెండు లాకులతో చిన్న ప్రోగ్రాము రాసి, ఒకదాని వరుస తిరగేసి, మొదటి లాక్ తీసుకున్నాక రెండూ ఒక సెకను నిద్రపోయేలా చెయ్యండి. బిగుసుకుపోగానే డంపు తీసి, ఏది దేనికోసం ఆగిందో కాగితం మీద బాణాలు గీసుకోండి. ఒక ల్యాబు పీరియడు చాలు.