పద్దు వినిపించే గొంతు

డిగ్రీ పట్టా చేతికొచ్చాక జిల్లాల నుంచి హైదరాబాద్ నగరానికి వచ్చే యువతులకు అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ వీధులే తొలి మజిలీ అవుతాయి; మహిళా హాస్టళ్లూ, కంప్యూటర్ కోర్సుల శిక్షణా సంస్థలూ పక్కపక్కనే ఉండే ఈ వీధుల్లో వారు నేర్చేది ప్రధానంగా ఇంటర్వ్యూలో నెగ్గే విద్య. ఆ విద్య అవసరమే అయినా, ఉద్యోగమంటే కంపెనీ కొలువొక్కటే అనుకోవడం వల్ల వారి కన్నతల్లులు ఏళ్ల తరబడి నడిపిన మరో రంగం వారి కంటికి ఆనడం లేదు.

ఆ రంగమే సామాజిక ఆర్థిక వ్యవస్థ. లాభం కంటే సభ్యుల, సమాజ శ్రేయస్సుకు పెద్దపీట వేస్తూ, సభ్యులే కలిసి నిర్ణయాలు తీసుకునే సహకార సంఘాలు, పరస్పర సహాయ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు మొదలైన వాటి సముదాయాన్ని ఈ పేరుతో పిలుస్తారు. 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మహాసభలో దీనికి నిర్వచనం కూడా ఇచ్చింది. తెలుగునేలపై 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) దీనికి బలమైన పునాది వేయగా, పది పదిహేనుమంది మహిళల పొదుపు సంఘాలు గ్రామ సంఘాలుగా, అవి మండల సమాఖ్యలుగా ఎదిగాయి. లెక్కలు, మార్కెటింగ్, సాఫ్ట్‌వేర్, ఆహార శుద్ధి తెలిసిన చదువరులకు ఇక్కడ చేతినిండా పని ఉంది.

అయితే ఈ పని కోరే వ్యక్తిత్వం వేరు. తన గురించి తాను చెప్పుకోవడం ఒక విద్య అయితే, పదిమంది డబ్బు గురించి ఆ పదిమందిలోనే పద్దు చదివి వినిపించడం అంతకంటే కష్టమైన విద్య. మహిళా సంఘం నడిపే ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని యంత్రం చూపినప్పుడు, ఎండబెట్టి మళ్లీ తెమ్మని సొంత ఊరి రైతుకు, అందులోనూ వరుసైన పెద్దమనిషికి, మర్యాద తప్పకుండా, మాట మార్చకుండా చెప్పగలగాలి. నిజాయితీ, మాటతీరు, ధైర్యం మూడూ అక్కడ ఒకే వాక్యంలో పరీక్షకు నిలుస్తాయి.

ఈ గుణాలు సాధనతోనే అలవడతాయి. సంఘాలు పాటించే పంచసూత్రాలు, అంటే క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాల చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే ఐదు నియమాలు, హాస్టల్ గదిలోనూ ఆచరణ సాధ్యమైనవే. ఒకే గదిలో ఉండే నలుగురు యువతులు నెలకు కొంత సొమ్ము జమచేసి, కోచింగ్ ఫీజుకో ఊరి ప్రయాణానికో తక్కువపడిన వారికి అప్పుగా ఇచ్చి, వంతులవారీగా పుస్తకం రాస్తూ, నెలాఖరున ఆ లెక్కను పైకి చదివితే, తప్పు దొర్లినప్పుడు దాన్ని అందరి ముందూ ఒప్పుకుని దిద్దుకోవడం అలవాటవుతుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తల్లి వెంట సంఘం మీటింగుకు వెళ్లి, తీర్మానం ఎలా రాస్తారో, బాకీపడిన సభ్యురాలితో ఎలా మాట్లాడతారో ఓపికగా గమనించిన యువతికి, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం నేర్చుకున్న ఆ తల్లే ఈ రంగంలో తొలి గురువు.